కొవ్వు రాయాల్సిన పళ్ళెం

దున్యా పండుకి ఉన్నంత పొగరు మరే పండుకీ ఉండదు. పసుపుపచ్చగా, మొద్దుగా, ఒళ్ళంతా బూడిదరంగు నూగుతో ఉంటుంది. పచ్చిది కొరికితే పళ్ళు జివ్వుమంటాయి, నోరు పిడచకట్టుకుపోతుంది. కోయబోతే కత్తికి లొంగదు. కానీ నాలుగు పళ్ళు బీరువా మీద పెట్టి, గది తలుపు మూసి చూడండి. వారం తిరిగేసరికి దుప్పట్లతో సహా ఇల్లంతా దాని వాసనే. అందుకే మొరావా నది ఒడ్డున ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ బీరువా మీద దున్యాలు వరసగా, ఒకదానికొకటి తగలకుండా కూర్చుని ఉంటాయి. తగిలితే కుళ్ళిపోతాయి.

స్తమెన ఇంట్లో ఆ వరసకి కాస్త ఎడంగా ఒక పండు ఉంటుంది. కాపులో అన్నిటికన్నా పెద్దది, మచ్చలేనిది ఏరించి ఆవిడే పెట్టిస్తుంది. అది కొడుకు స్రేతెన్‌ది. ఆ చెట్టు నాటింది అతనే. యుద్ధానికి రమ్మని కాగితం వస్తే సెప్టెంబరులో బస్సెక్కి వెళ్ళాడు. రెండు ఉత్తరాలు రాశాడు. రెండోదాని చివర, "దున్యాలు కోసేశారా? నాకొకటి ఉంచండి" అని ఉంది. ఆ తర్వాత ఏమీ రాలేదు. పోయాడని ఎవరూ చెప్పలేదు, ఉన్నాడనీ ఎవరూ చెప్పలేదు. ఇరవై మూడేళ్ళుగా ఏటా ఒక పండు వసంతకాలం దాకా బీరువా మీద కూర్చుని, ముడతలు పడి, నల్లబడి, చివరికి కోళ్ళ పాలవుతోంది.

ఆ పండుని పైకెక్కించేదీ, కిందకి దించేదీ అతని భార్య క్రూనియ. మొగుడు బస్సెక్కినప్పుడు ఆమెకి ముప్పయ్యొకటి. ఇప్పుడు యాభై నాలుగు. పిల్లల్లేరు. ఆ ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే. నల్లబట్టలు వేసుకుందామంటే మొగుడు పోయాడని చెప్పినవాళ్ళు లేరు, ఎర్రవీ పచ్చవీ వేసుకుంటే ఊరు ఊరుకోదు. అందుకని ఇన్నేళ్ళూ బూడిదరంగూ ముదురు నీలమూ వేసుకునే గడిపింది. ఎవరూ ఆమెని ఇలా ఉండమని చెప్పలేదు. వెళ్ళిపొమ్మనీ చెప్పలేదు. ఊళ్ళంటే అంతే కదా, మనిషిని గుమ్మంలో నిలబెట్టి మర్చిపోతాయి.

మంగళవారం పొద్దున్న క్రూనియ చెట్టు కింద రాలిన పళ్ళు ఏరుతుంటే జేబులో ఫోను మోగింది. తప్పిపోయినవాళ్ళని వెతికే ఆఫీసు నుంచి ఒకావిడ. గొంతు చాలా మెత్తగా ఉంది. ఆఫీసువాళ్ళు అంత మెత్తగా మాట్లాడారంటే అది మంచి కబురు కాదని అర్థం. తొమ్మిదేళ్ళ కిందట స్తమెన దగ్గర తీసుకున్న రక్తం, నది అవతల మొక్కజొన్న చేను పక్కన గోతిలో దొరికిన ఎముకలతో సరిపోలిందట. గోతిలో పన్నెండు మంది. అందరూ ఆ మొదటి అక్టోబరులోనే పోయారట. వచ్చి సంతకాలు పెట్టి తీసుకెళ్ళాలట.

"సరేనండీ," అంది క్రూనియ. ఫోను జేబులో పెట్టుకుని మిగిలిన పళ్ళు కూడా ఏరింది. ఏడుపు రాలేదు. బుట్ట ఎత్తుకుని ఇంట్లోకి వెళితే స్తమెన పొయ్యి దగ్గర కూర్చుని, "ఎన్నొచ్చాయే?" అని అడిగింది. "బుట్టెడు," అంది. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ ఎలా చెబుతుంది? రక్తం తీసుకునేవాళ్ళు వచ్చిన రోజున స్తమెన చెయ్యి చాపి ఏమందో ఆమెకి గుర్తుంది. "తీసుకోండి నాయనా, కావలసినంత తీసుకోండి. నా కొడుకు మీ గోతుల్లో లేడని మీకే తెలుస్తుంది." తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. రాబోయేదేమో పోయినవాళ్ళ శనివారం. ఈ ఒక్క శనివారం దాటనీ, అనుకుంది క్రూనియ. సోమవారం చెబుదాం.

పోయినవాళ్ళకి సమాధుల దగ్గర తిండి పెట్టే ఆ శనివారం నవంబరు మొదట్లో, సరిగ్గా దున్యాల కాలంలోనే వస్తుంది. ముందురోజు ఇంటింటా పొరరొట్టెలు చేస్తారు. పోయినవాళ్ళకి చేసే రొట్టెలో కొవ్వు తగలకూడదు. పొద్దుతిరుగుడు నూనె మాత్రమే. పంది కొవ్వు బతికున్నవాళ్ళ తిండి. స్తమెన ఇంట్లో పోయినవాళ్ళు నలుగురు: భర్త మిలుతిన్, ఆయన తల్లీ తండ్రీ, నెల తిరక్కుండానే పోయిన ఒక ఆడపిల్ల. వాళ్ళ కోసం రెండు పెద్ద పళ్ళేలు నూనెతో. మూడోది చిన్న పళ్ళెం, స్రేతెన్ కోసం, కొవ్వుతో. అతనికి ఏడేళ్ళప్పుడు ఆ పళ్ళెంలో కూర్చుని మంచు గుట్ట మీద నుంచి జారి కంచెకి గుద్దుకున్నాడు. పళ్ళేనికి సొట్ట, నుదుటికి మచ్చ. ఆ పళ్ళేనికి కొవ్వు రాయడం క్రూనియ పని. రాశాక అడుగున వేలితో శిలువ గీయడం స్తమెన పని. ఆ రొట్టె శ్మశానానికి వెళ్ళదు. ఇంట్లో బల్ల మీదే ఉండి, శనివారం సాయంత్రం గడప తొక్కిన మొదటి మనిషికి దక్కుతుంది.

గడప తొక్కే ఆ మొదటి మనిషి ఏటా పక్కింటి పెర్సే. ఆమెకి రొట్టెల వాసన మూడిళ్ళ అవతల నుంచి తెలుస్తుంది. ఈసారి శుక్రవారం పొద్దున్నే జల్లెడ కావాలని వచ్చి, జల్లెడ చంకలో పెట్టుకుని గంట కూర్చుంది.

"ఏం పిన్నీ, కోడలి చేత ఇంకా పిండి సాగదీయిస్తున్నావా? అంగట్లో పొరలు అమ్ముతున్నారు, ప్యాకెట్టు చింపితే చాలు."

"అవి నీ మొగుడికి పెట్టుకో," అంది స్తమెన. "మా ఇంట్లో పోయినవాళ్ళు కాగితాలు తినరు."

"మా ఆయనైతే కాగితమైనా తింటాడు, పక్కన సారా ఉంటే." పెర్స నవ్వి, క్రూనియ తురుముతున్న దున్యా ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. "అబ్బ, ఏటా తెలిసీ తింటాను చూడు. ఇంతకీ రేపు చిన్న పళ్ళెం నాదేగా?"

"వచ్చేటప్పుడు నోరు ఇంట్లో పెట్టి రా, ఇస్తాను."

"నోరు లేకుండా ఎలా తింటాను పిన్నీ?" అని లేవబోయి, పెర్స మళ్ళీ కూర్చుంది. "అవునూ క్రూనా, నిన్నొకటి అడగాలనుకుంటూ మర్చిపోతున్నా. మీ ఇంట్లో పోయినవాళ్ళు నలుగురేగా? చర్చిలో కింద అయిదు కొవ్వొత్తులు వెలిగిస్తావేం? ఏటా నీ వెనకే నిలబడతాను కదా, లెక్క రాకపోదు."

క్రూనియ తురుముతున్న చెయ్యి ఆగింది.

"మా అమ్మకి," అంది.

స్తమెన కళ్ళకి శుక్లాలు కమ్మి చాలా కాలమైంది. కనిపించకపోయినా మొహం మాత్రం మాట వచ్చిన వైపు తిరిగింది. "మీ అమ్మకి మీ ఊళ్ళో మీ వదిన వెలిగిస్తుందిగా?"

"వెలిగిస్తుంది. అయితే ఏం, నేను కూతుర్ని కాదూ?"

"కూతురివే," అంది స్తమెన. పెర్సకి ఏదో తేడాగా తోచినట్టుంది. జల్లెడ తీసుకుని వెళ్ళిపోయింది.

అయిదోది అమ్మకి కాదు, స్రేతెన్‌కి.

చర్చి గుమ్మం పక్కన రెండు ఇసుక తొట్లు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి. పై ఇసుకలో బతికున్నవాళ్ళ పేర కొవ్వొత్తులు, కింది ఇసుకలో పోయినవాళ్ళ పేర. బతికున్నవాడి పేర కింద వెలిగించడమంటే అతన్ని చేత్తో గోతిలోకి తోయడమే. అలాంటి పని పిల్లలు కూడా చెయ్యరు. స్తమెన మోకాళ్ళు పాడయ్యాక చర్చికి క్రూనియ ఒక్కతే వెళ్ళేది. పైన మూడు వెలిగించేది: అత్తకి, తనకి, స్రేతెన్‌కి. కింద నాలుగు. అతను వెళ్ళిన ఏడేళ్ళకి కొవ్వొత్తులమ్మే ముసలాయన పొరపాటున ఒకటి ఎక్కువ ఇచ్చాడు. అన్నీ వెలిగించాక చేతిలో ఒకటి మిగిలింది.

వెనక్కి ఇచ్చేయొచ్చు. కానీ అంతకు ముందు వారమే పక్క ఊరి పిండిమర మనిషి, భార్య పోయినవాడు, మంచివాడు, సంచులు బండికెక్కిస్తూ, "ఎన్నాళ్ళిలా ఉంటావు క్రూనియా? మా ఇంటికి రాకూడదూ?" అని అడిగాడు. వారం రోజులు ఆ మాట ఆమె చెవిలో మోగుతూనే ఉంది. మిగిలిన కొవ్వొత్తి చేతిలో మెత్తబడుతోంది. అయిపోతే బాగుండు, ఏదో ఒకటి తేలిపోతే బాగుండు, అనుకుంది. అనుకుంటూనే వంగి కింది ఇసుకలో గుచ్చి వెలిగించేసింది. ఆ సాయంత్రమే పిండిమర మనిషికి రానని కబురు పంపింది. మరుసటేడు మానేద్దామనుకుంది. కానీ ఒకసారి వెలిగించి మానేస్తే ఎలా? నిజంగా పోయినవాళ్ళలోనే ఉంటే, వెలుతురు ఇచ్చి లాగేసుకున్నట్టు కాదూ? అలా పదహారేళ్ళు పైనొకటీ కిందొకటీ వెలిగిస్తూ వచ్చింది. నిన్ను చంపుకుంటున్నాను, క్షమించు, అని ఏటా మనసులో అనుకుంటూనే వెలిగించింది.

మంగళవారం ఆ మెత్తటి గొంతు "మొదటి అక్టోబరులోనే" అన్నప్పుడు ఆమెకి ముందు కలిగింది దుఃఖం కాదు. నా కొవ్వొత్తి వల్ల కాదన్నమాట, అనిపించి గుండె తేలికపడింది. ఆ తేలికకి సిగ్గుపడి చచ్చిపోతోంది. నాలుగు రోజులుగా ఏడుపు రాకపోవడం కూడా అందుకేనేమో.

దున్యా తురుము చక్కెరతో కలిసి పొయ్యి మీద ఉడికి గులాబీ రంగుకి తిరిగింది. క్రూనియ అక్రోట్లు దంచింది, దాల్చినచెక్క పొడి కలిపింది, రసం పీల్చుకోవడానికి గుప్పెడు రవ్వ వేసింది. పెద్ద బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, వెచ్చని గిన్నె కింద నాననిచ్చిన పిండి ముద్ద తీసి కర్రతో ఒత్తింది.

"రా అత్తమ్మా."

ఈ పనికి కళ్ళతో అవసరం లేదు. బల్లకి అటొకరు ఇటొకరు నిలబడి, పిండి కిందికి చేతులు పోనిచ్చి, గోళ్ళు తగలకుండా చేతి వెనక భాగాలతో మెల్లగా సాగదీస్తూ బల్ల చుట్టూ నడవాలి. ఒకరు లాగితే ఒకరు వదలాలి. ముప్పయ్యేళ్ళలో అత్తా కోడలూ ఎన్నోసార్లు మాట్లాడుకోవడం మానేశారు కానీ, ఒక్కసారి కూడా పిండి చిరగనివ్వలేదు. దుప్పటి అంచున కుట్టిన ఎర్ర పూలు పిండిలోంచి కనబడేదాకా సాగదీశారు.

"పలచబడిందా?" అంది స్తమెన.

"పూలు కనబడుతున్నాయి."

"నీ చేతులు తొందరపడుతున్నాయేంటే?"

"చలి."

"పొయ్యి పక్కన చలేంటి?" అని గొణిగింది స్తమెన.

నూనె చిలకరించి, తురుము పరిచి, దుప్పటి అంచు పట్టుకుని పైకెత్తితే పిండి తనంతట తానే చాపలా చుట్టుకుపోయింది. రెండు పెద్ద పళ్ళేలూ నిండాయి. చిన్నదానికి పిండి విడిగా సాగదీసి ఉంచారు. స్తమెన అలసిపోయి పొయ్యి దగ్గర పీట మీద కూలబడింది. క్రూనియ ఈక కుంచె తీసుకుని చిన్న పళ్ళేనికి రాయసాగింది. ఆలోచన సోమవారం మీద ఉంది. ఏ మాటతో మొదలుపెట్టాలి? "అత్తమ్మా, ఫోనొచ్చింది" అనాలా? "అత్తమ్మా, మన స్రేతెన్ దొరికాడు" అనాలా? దొరికాడంటే ఆవిడ లేచి గుమ్మం వైపు పరిగెత్తుతుందేమో.

"ఇలా ఇవ్వు," అంది స్తమెన చేతులు చాపి.

క్రూనియ పళ్ళెం ఆవిడ ఒళ్ళో పెట్టింది. స్తమెన ముందు సొట్ట తడిమింది, ఎప్పటిలాగే. తర్వాత చూపుడు వేలు అడుగున ఆనించి పై నుంచి కిందికి గీసింది. ఆగింది. మళ్ళీ గీసింది. కొవ్వయితే గీత నిలుస్తుంది, వేలి కింద గట్లు తెలుస్తాయి. ఇక్కడ గీసిన గీత గీసినట్టే మూసుకుపోతోంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది నూనె."

క్రూనియ చేతిలో కుంచె వైపు చూసుకుంది. బల్ల మీద నూనె గిన్నె, దాని పక్కనే మూత కూడా తీయని కొవ్వు కుండ.

"పొరపాటున... ఇలా ఇవ్వు అత్తమ్మా, తుడిచేసి..."

"ముప్పయ్యేళ్ళుగా ఈ వంటింట్లో ఉన్నావు." స్తమెన పళ్ళెం వదల్లేదు. "నా కళ్ళు పోయాయి గానీ నీ చేతులు పోలేదు కదా. ఎప్పుడు చెప్పారు?"

"మంగళవారం."

"మంగళవారం," అంది స్తమెన. పొయ్యిలో కట్టె చిటపటలాడింది. "ఎక్కడున్నాడు?"

"నది అవతల. చేను పక్కన. ఇంకా పదకొండు మంది ఉన్నారట."

"ఒక్కడే లేడన్నమాట." తల ఊపింది. "ఎప్పుడు?"

క్రూనియ కుంచెని నూనె గిన్నెలో పెట్టింది.

"ఎప్పుడే? నిన్నే అడుగుతున్నాను."

"మొదటి అక్టోబరులోనే. ఆ రెండో ఉత్తరం వచ్చిన నెలలోనే."

స్తమెన పళ్ళేన్ని గుండెకి హత్తుకుంది. నూనె ఆవిడ నల్ల రవిక మీదికి కారింది. ముందు గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది, ఆ తర్వాత అది పెద్దదైంది. "ఇరవై మూడేళ్ళు! ఇరవై మూడేళ్ళు నా బిడ్డని చీకట్లో కూర్చోబెట్టానే! కొవ్వు పెట్టాను, వాడు తినలేని తిండి పెట్టాను! అందరి పిల్లలకీ శనివారం నాడు దీపముంటే వాడొక్కడూ చీకట్లో గోడ తడుముకుంటూ తిరిగాడు! నేనే ఒప్పుకోలేదు. ఉన్నాడు, ఉన్నాడు అంటూ నేనే... నేను తల్లినా? నా కళ్ళు ఇందుకే పోయాయి. వాణ్ణి చీకట్లో పెట్టినందుకే పోయాయి!"

చేతిలో కొవ్వొత్తి లేకుండా పోవడం కన్నా ఘోరమైన చావు ఆ ఊరివాళ్ళకి ఇంకోటి లేదు. పోయాక కూడా ఎవరూ వెలిగించకపోతే ఇక ఆ మనిషికి అవతల అంతా చీకటే. కడుపుకోత ఒకెత్తు, దానికి తోడు ఇది. ముసలావిడ పళ్ళెంతో తల కొట్టుకోవడం మొదలుపెట్టింది.

క్రూనియ వెళ్ళి ఆ చేతులు పట్టుకుంది. ఆ ఒక్క సంగతి చావుదాకా ఎవరికీ చెప్పకూడదనుకుంది. చెబితే అత్త మొహం చూడదని, ఇంట్లోంచి పొమ్మంటుందని కూడా అనుకుంది. ఇప్పుడు అవేవీ గుర్తుకు రాలేదు.

"చీకట్లో లేడు అత్తమ్మా. విను. లేడు. ఆ అయిదో కొవ్వొత్తి మా అమ్మకి కాదు."

స్తమెన ఏడుపు ఆగిపోయింది.

"పదహారేళ్ళుగా వెలిగిస్తున్నాను. కింది ఇసుకలో. ఆయన పేర."

"వాడు బతికున్నాడని నేను అంటుంటేనా?"

"నువ్వు అంటుంటేనే."

"ఎందుకు వెలిగించావు?"

అబద్ధం చెప్పొచ్చు. కలలో కనబడి అడిగాడని చెబితే సరిపోయేది, ముసలావిడ నమ్మేది, సంతోషించేది కూడా. కానీ క్రూనియకి నాలుగు రోజుల మౌనంతో నోరు చేదెక్కిపోయి ఉంది. పిండిమర మనిషి సంగతి, చేతిలో మిగిలిన కొవ్వొత్తి సంగతి, అయిపోతే బాగుండని అనుకున్న సంగతి, అంతా చెప్పింది. "ఆ ఒక్క రోజు ఆయన పోవాలనే వెలిగించాను అత్తమ్మా. తర్వాత ఏటా భయంతో వెలిగించాను."

స్తమెన వేలు పళ్ళెం సొట్ట మీద తిరుగుతూనే ఉంది. క్రూనియ నేల మీద కూర్చుని, ఏ మాట పడినా పడదామని ఎదురుచూసింది.

"పదహారు," అంది చివరికి స్తమెన. "ఇరవై మూడులో పదహారు పోతే ఏడు. ఏడేళ్ళేనన్నమాట వాడు చీకట్లో ఉన్నది."

"ఏడేళ్ళే."

"ఆ పిండిమర వాడి దగ్గరికి వెళ్ళనే లేదు కదే నువ్వు."

"లేదు."

"వెళ్ళి ఉంటే ఆ పదహారూ ఉండేవి కావు." స్తమెన చెయ్యి గాలిలో వెతికి కోడలి తల మీద వాలింది. నూనె చెయ్యి. "ఏమనుకుని వెలిగించావో వాడికేం తెలుస్తుంది పిచ్చిదానా? దీపం కనబడి ఉంటుంది, అంతే. మా ఆవిడ వచ్చింది అనుకుని ఉంటాడు."

తర్వాత ఆవిడ ముక్కు చీదుకుని, పళ్ళెం ముందుకు చాపింది. "నూనె చాల్లేదు, అంచులకి కూడా రాయి. బీరువా మీద వాడి పండు ఉందిగా, అది తీసుకురా. ఈ రొట్టెలో అదే వేద్దాం."

ఆ పండు కోయడానికి ఇద్దరూ పట్టాల్సి వచ్చింది. క్రూనియ కత్తి పెడితే, స్తమెన దాని వీపు మీద అరచేత్తో కొట్టింది. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి ఆ పండు కోళ్ళకి కాకుండా పొయ్యి మీదికి వెళ్ళింది. అది గులాబీ రంగుకి తిరుగుతుంటే స్తమెన నూనెలో మళ్ళీ శిలువ గీసింది. ఈసారి గీత మూసుకుపోతున్నా ఆగలేదు, నాలుగుసార్లు గీసింది.

రొట్టెలు కాలుతుండగా కాగితం కూడా రాశారు. పాదిరి చదివే కాగితం అది, మధ్యలో గీత, పైన ఉన్నవాళ్ళు, కింద పోయినవాళ్ళు. ఏటా స్తమెన పేర్లు చెబితే క్రూనియ రాస్తుంది. పైన మొదట రాసే పేరు స్రేతెన్. ఈసారి స్తమెన "క్రూనియ" అంది. ఆ తర్వాత "స్తమెన" అంది. అక్కడితో పైభాగం అయిపోయింది.

శనివారం పొద్దున్న స్తమెన తనూ వస్తానంది. పెర్స మొగుడి ట్రాక్టరు తొట్టిలో కుర్చీ వేయించుకుంది. బయల్దేరే ముందు బీరువా అడుగున వెతికి మడత పెట్టిన నల్ల తలగుడ్డ ఒకటి తీసి కోడలి చేతిలో పెట్టింది. కొత్తది, దున్యాల వాసన పట్టేసి ఉంది.

"ఇదెప్పుడు కొన్నావు?" అంది క్రూనియ.

"అడక్కు," అంది స్తమెన. "కట్టుకో."

చర్చిలో ముసలావిడ కొవ్వొత్తులు తనే కొంది. పైన రెండు. కింద అయిదు. తర్వాత ఇంకో ఏడు అడిగింది.

"ఈ ఏడు కొవ్వొత్తులూ ఎవరికి అత్తమ్మా?"

"ఆ ఏడేళ్ళకి. ఏటికొకటి."

"నేను వెలిగిస్తాలే, నువ్వు వంగలేవు."

"నువ్వు పదహారేళ్ళు వంగావు. జరుగు."

మోకాళ్ళు కరకరలాడుతుండగా స్తమెన రాతి నేల మీద మోకరిల్లింది. క్రూనియ ఒక్కొక్కటీ వెలిగించి అందిస్తుంటే, ఆవిడ ఇసుక తడుముకుంటూ ఒక్కొక్కటీ గుచ్చింది. ఒక్కోటి గుచ్చినప్పుడల్లా పెదవులు కదిలాయి. జనం పక్కకి తప్పుకుని నిలబడ్డారు. పాదిరి కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. కింది పేర్లలో మిలుతిన్ తర్వాత, ఆడపిల్ల తర్వాత, "స్రేతెన్" అని వినబడేసరికి చర్చిలో గుసగుసలు ఆగిపోయాయి. ఊరికి ఆ సంగతి అలా తెలిసింది.

స్రేతెన్‌కి ఇంకా సమాధి లేదు. తండ్రి సమాధి అంచున దుప్పటి పరిచి రొట్టెలు పెట్టారు. పెర్స కాస్త దూరంలో నిలబడింది. ఎప్పుడూ ముందుండే మనిషి ఆ రోజు ముందుకి రాలేదు. స్తమెనే పిలిచింది.

"పెర్సా, ఎక్కడున్నావే? రా. చిన్న పళ్ళెం నీదేగా."

పెర్స వచ్చి ముక్క అందుకుంది. పెదవుల మీదికి ఏళ్ళ తరబడి అలవాటైన మాటే దొర్లింది. "స్రేతెన్ ఆరోగ్యంగా తిరిగి..." అంతటితో ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళు నిండిపోయాయి. "పిన్నీ, నా నోరు పడిపోను."

"ఫర్వాలేదు. రెండో మాట చెప్పు," అంది స్తమెన. "మేమూ ఇంకా నేర్చుకుంటున్నాం."

"దేవుడు అతని ఆత్మని క్షమించాలి," అంది పెర్స. ముక్క నోట్లో పెట్టుకుంది.

క్రూనియ ఒక ముక్క తీసి రాయి అంచున పెట్టింది. పొరల మధ్య నుంచి దున్యా గులాబీ రంగులో కనబడుతోంది. బీరువా మీది పండు. రెండో ఉత్తరం చివరి వాక్యం ఆమెకి కంఠతా వచ్చు. నాకొకటి ఉంచండి.

"ఉంచాం, స్రేతెన్," అంది. మంగళవారం నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆమె దాన్ని ఆపుకోలేదు. స్తమెన తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుని, మిగిలిన రొట్టె ముక్కలు కోసి వచ్చినవాళ్ళకి పంచడం మొదలుపెట్టింది.